చెబితే అరుస్తారని

ఆ ఎండాకాలం నాకు కోపం రాని రోజంటూ లేదు. ఆ మాటకొస్తే మిగతా కాలాల్లో నేనేదో శాంతమూర్తినని కాదు. మందుల షాపు కౌంటరు వెనక పద్దెనిమిదేళ్లుగా నిలబడుతున్నవాణ్ని. బోర్డు మీద ఉన్న పేరేమిటో మా వీధిలో ఎవరికీ తెలియదు. "కస్సుబుస్సు షాపు" అంటే మాత్రం పాలు తాగే పిల్లాడు కూడా దారి చూపిస్తాడు. ఆ పేరు నా పుణ్యమే. అందుకు నాకేం సిగ్గు లేదు.

"నొప్పి బిళ్లలు ఒక నాలుగు పడెయ్యండి సార్" అంటాడు ఒకడు, ఫోన్లో మాట్లాడుతూనే. పడెయ్యడానికి అవేమన్నా పిప్పరమెంట్లా? ఏం నొప్పి, ఎన్నాళ్లుగా, కడుపులో పుండుందా, బీపీ ఉందా, కిడ్నీ జబ్బుందా, ఇంకేం మాత్రలు మింగుతున్నావు అని అడుగుతాను. "అబ్బబ్బ, మందుల షాపా, పోలీస్ స్టేషనా ఇది?" అని వాడు విసుక్కుంటాడు. ఇక చూడాలి నా తడాఖా. ఖాళీ కడుపున వేసుకోకు, నీళ్లు బాగా తాగు, ఎండలో చెమటలు కక్కే పని ఉంటే అసలు ముట్టుకోకు, రెండు రకాలు కలిపి మింగకు, మూడు రోజుల్లో తగ్గకపోతే డాక్టరు దగ్గరికి తగలడు... వాడు మెట్లు దిగి రోడ్డు దాటేదాకా నా గొంతు వాడి వెనకాలే వెళుతుంది. తిట్టినట్టే ఉంటుంది గానీ అందులో ఒక్క ముక్క అబద్ధం ఉండదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇన్ని తెలిసినవాడి ఇంట్లోనే అది జరిగింది.

మా ఆవిడ బట్టల ఫ్యాక్టరీలో సూపర్వైజరు. నలభై కుట్టుమిషన్ల వరసకి ఒక చివర నిలబడి, పొద్దున్నించి సాయంత్రం దాకా కాలర్లూ జేబులూ సరిగ్గా పడుతున్నాయో లేదో చూస్తుంది. ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక సాయంత్రం కంచం ముందు కూర్చుని, నీళ్లు కావాలా అని అడిగినంత మామూలుగా చెప్పింది.

"వానలు మొదలయ్యాక ఊళ్లో పరుగు పందెం ఉందట. నలభై రెండు కిలోమీటర్లు. మా ఫ్యాక్టరీ నుంచి జట్టు వెళ్తోంది. నేనూ పేరిచ్చాను."

"నలభై రెండా? అంత దూరం బస్సులో వెళ్తేనే నా నడుం పట్టేస్తుంది. నీకేమన్నా మతి పోయిందా?"

"పదహారేళ్ల నుంచి ఒకే చోట నిలబడున్నానండీ. ఒక్కసారి కదలాలనుంది."

మా అమ్మ పక్కనే కుర్చీలో కూర్చుని మోకాళ్లు రుద్దుకుంటోంది. డెబ్బై దాటిన మనిషి. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. "పరిగెత్తనీరా" అంది. "ఈ ఇంట్లో ఒకళ్లన్నా పరిగెత్తాలి. నేను బాత్రూముకి వెళ్లి రావడమే ఒక పందెంలా ఉంది."

ఇద్దరూ నవ్వుకున్నారు. నేను నవ్వలేదు. నాకు చెప్పకుండా పేరిచ్చినందుకు ఓ పావుగంట అరిచి, చెయ్యి కడుక్కుని లేచాను.

మరుసటి వారం నుంచి తెల్లవారకముందే బూట్లు కట్టుకుని వెళ్లిపోయేది. తిరిగొచ్చేసరికి ముఖం ఎర్రగా, చొక్కా తడిసి ముద్దగా ఉండేది. కానీ వంటింట్లో ఆవిడ కూనిరాగం తీయడం అప్పుడే విన్నాను. పెళ్లయిన కొత్తలో విన్నదే మళ్లీ. ఆ సంగతి అప్పుడు ఆవిడతో అనలేదు.

ఆరో వారంలో ఒకరోజు పొద్దున మెట్లు దిగుతూ కుడికాలు మీద బరువు ఆనించకుండా దిగింది. చూశాను. చూడగానే ఒళ్లు మండింది.

"చెప్పానా లేదా? చెబితే విన్నావా? ఈ వయసులో ఈ గంతులేమిటి?"

"కాస్త లాగుతోందంతే."

ఎక్కడ లాగుతోంది, ఎప్పటినుంచి, నొక్కితే నొప్పా, నడిస్తే నొప్పా? ఎవడో దారిన పోయే దానయ్యని వంద ప్రశ్నలతో చంపే నేను, ఆ పొద్దున ఒక్కటంటే ఒక్కటి అడగలేదు. చొక్కా జేబులో తెల్ల మాత్రల షీటు ఒకటుంది. బల్ల మీదికి విసిరాను. "తిన్నాక ఒకటి వేసుకో. రెండు రోజులు పరుగు మానెయ్."

"సరే" అంది.

మా ఇంట్లో ఆ "సరే" ఎంత పెద్ద మాటో నాకప్పుడు తెలియదు. కుంటడం పోయింది. నొప్పి తగ్గిందనుకున్నాను. షీటు అయిపోతే ఇంకోటి తెచ్చిచ్చాను. అదీ అయిపోతే ఇంకోటి. బయటివాడు మూడో షీటు అడిగితే డాక్టరు చీటీ ఏదని పీక పట్టుకునేవాణ్ని. ఇంటికొచ్చేసరికి మాత్రం మందు ఇస్తున్నాను కదా, మొగుడిగా నా పని అయిపోయింది అనుకున్నాను. నాలాంటి తెలివైనవాళ్లు చేసే వెధవపని అది.

ఆ ఎండల్లోనే ఒక మధ్యాహ్నం ఫ్యాక్టరీ జట్టు కోచ్ మా షాపుకొచ్చాడు. మనిషి మామూలప్పుడు స్టోర్స్ గుమస్తా. వారానికి మూడు రోజులు మెడలో విజిల్ వేసుకుని కోచ్ అవుతాడు. నొప్పి తగ్గించే పొడి పాకెట్లు, నీళ్లలో కలుపుకునేవి, ఒక డబ్బా మొత్తం కావాలన్నాడు.

"ఎవరికి?"

"మా జట్టుకి సార్. ఆదివారాలు పెద్ద పరుగులుంటాయి కదా. బయల్దేరేముందు ఒకటి, సగం దారిలో ఒకటి ఇస్తే ఇక కాళ్లు నొప్పులన్న మాటే ఉండదు."

నేను కౌంటరు తలుపు తెరుచుకుని బయటికొచ్చేశాను. అంత కోపం వచ్చింది. ఎండలో పరిగెత్తి ఒంట్లో నీళ్లన్నీ చెమటైపోయిన మనిషికి ఆ పొడి పోస్తే కిడ్నీలు ఏమవుతాయో నీకు తెలుసా? నొప్పి లేకుండా చేస్తే ఎముక విరిగినా పరిగెత్తుతూనే ఉంటారు, తెలుసా? వాళ్లు మనుషులా, నీ స్టోర్స్‌లో దారపు కండెలా? వీధి వీధంతా వచ్చి చూసింది. వాడు నీళ్లు నమిలి, విజిల్ సర్దుకుని వెళ్లిపోయాడు. ఆ మధ్యాహ్నమే ఇంకో షాపులో కొని జట్టుకి పంచేశాడని తర్వాత తెలిసింది.

ఆ సాయంత్రం ఇంట్లో అరగంటసేపు వాణ్ని ఉతికి ఆరేశాను. అమ్మ ఊకొట్టింది. మా ఆవిడ బట్టలు మడతపెడుతూ వింది.  నా భార్య అలాంటి పని చెయ్యదన్న ధీమాతో నేను ఏమీ అడగలేదు. ఆ పొడి పాకెట్లు రెండు అప్పటికే ఆవిడ బ్యాగులో ఉన్నాయి. నేను అరిచిన ప్రతి మాటా ఆ బ్యాగు మూతిని ఇంకొంచెం గట్టిగా కట్టేసిందని ఇప్పుడు తెలుస్తోంది.

ఇంకొకటి కూడా నా కళ్ల ముందే జరిగింది. అమ్మ నడక ఆ నెలలో మరీ కష్టమైంది. గోడ పట్టుకుని, పళ్ల బిగువున అడుగు తీసి అడుగేసేది. "పసుపు మాత్ర రెండు పూటలా వేసుకుంటున్నావా?" అని గద్దించేవాణ్ని. "వేసుకుంటున్నాన్రా బాబూ, ప్రాణం తియ్యకు" అనేది.

పందెం ఇంకా మూడు వారాలుందనగా వచ్చిన ఆదివారం అది. ముప్పై రెండు కిలోమీటర్ల పరుగట. నేను షాపులో ఉన్నాను. పన్నెండు కావస్తుంటే అమ్మ ఫోన్ చేసింది.

"ఒరేయ్, ఒకసారి ఇంటికి రా. అరవకు. ఊరికే రా."

వెళ్లేసరికి మా ఆవిడ మంచం మీద గోడకి తిరిగి పడుకునుంది. ఇంటికొచ్చినప్పటి నుంచి నాలుగుసార్లు వాంతైందట. పాదాలు ఉబ్బి, సాక్సుల అచ్చులు చర్మంలోకి దిగబడ్డాయి. బాత్రూముకి వెళ్తే కొంచెమే వచ్చిందట. "ఏ రంగులో?" అన్నాను.

"డికాక్షన్ రంగులో" అంది, గోడ వైపే చూస్తూ.

ఆటో కోసం వీధిలోకి పరిగెత్తాను. ఆ రంగంటే కిడ్నీలు దెబ్బతింటున్నాయని మా ఇంట్లో నాకొక్కడికే తెలుసు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. రక్తం తీయించింది, కాలు నొక్కి చూసింది. నొక్కగానే మా ఆవిడ కెవ్వుమంది. పరీక్షల కాగితాలు చేతికొచ్చాక డాక్టరమ్మ ముఖం మారింది.

"నొప్పి మాత్రలేమైనా వాడుతున్నారా?"

నేనే ముందుకెళ్లాను. జేబులోని తెల్ల షీటు బల్ల మీద పెట్టాను, ఛాతీ కూడా కొంచెం విరుచుకున్నానేమో. "నేను ఫార్మసిస్టుని మేడం. నేనే ఇచ్చాను. రోజుకొకటి, తిన్నాక. అంతకుమించి లేదు."

 అమ్మ మెల్లగా చేతిసంచి తెరిచి, సగం ఖాళీ అయిన పసుపు మాత్రల షీటు తీసి డాక్టరమ్మ బల్ల మీద పెట్టింది.

"నావి" అంది. "రెండు పూటలా రాశారు నాకు. ఒక పూట మానేసి అమ్మాయికిస్తున్నాను. నెల దాటింది."

మా ఆవిడ కళ్లు మూసుకుని, "నా బ్యాగులో పొడి పాకెట్లున్నాయి" అంది. "ఇవాళ పొద్దున ఒకటి తాగాను. దారిలో ఒకటి."

డాక్టరమ్మ బ్యాగులోంచి ఒక పాకెట్టు తీయించి, మూడింటినీ పక్కపక్కన పేర్చింది. తెల్ల షీటు, పసుపు షీటు, పొడి పాకెట్టు. మూడు పేర్లు, మూడు రంగులు. "వెనక ఏముందో చదువుతారా?" అని నావైపు జరిపింది. చదవక్కర్లేదు. ఆ మూడూ నేను రోజూ అమ్మేవే. మూడింట్లోనూ ఒకటే మందు. ముగ్గురు మనుషులు, ఒకరికి తెలియకుండా ఒకరు, ఒకే మందుని ఒకే మనిషి గొంతులో పోశాం.

"చెమటకి ఒంట్లో నీళ్లు తగ్గిపోయాయి, అసలే కిడ్నీలకి రక్తం అందట్లేదు. దాని మీద ఇవాళ ఒక్కరోజే ఇది నాలుగు మోతాదులు. రెండు రోజులు చూద్దాం. అంకెలు దిగకపోతే డయాలసిస్ పెట్టాల్సొస్తుంది" అంది డాక్టరమ్మ. "కాలు కూడా ఫోటో తీయిద్దాం. ఎముక చిట్లిందని నా అనుమానం. ఆ చిట్లిన కాలుతోనే వారాల తరబడి పరిగెత్తినట్టున్నారు. నొప్పి తెలిస్తే ఎప్పుడో ఆగిపోయేవారు."

అప్పుడు నేను అరిచాను. ఆస్పత్రి అని లేదు, పక్క మంచం మీద రోగి ఉందని లేదు. అమ్మ మీద అరిచాను, నీకు రాసిన మందు ఇంకొకరికి ఎలా ఇస్తావు, మతుందా నీకు అని. అక్కడ లేని కోచ్ మీద అరిచాను. సెలైన్ సూది గుచ్చుకుని పడుకున్న మా ఆవిడ మీద కూడా అరిచాను. నర్సు వచ్చి చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకెళ్లి, "ఇక్కడ నిలబడి అరుచుకోండి" అని తలుపు వేసేసింది.

కాసేపటికి లోపలికి వెళ్లాను. అమ్మ స్టూలు మీద ముడుచుకుని కూర్చునుంది.

"నువ్విచ్చే తెల్లదీ నా పసుపుదీ ఒకటేనని నాకేం తెలుసురా?" అంది. "నొప్పి నాకు అలవాటే. అమ్మాయికి పందెం ఉంది కదా అని."

"మరి నువ్వు?" అని మా ఆవిణ్ని అడిగాను. "నువ్వెందుకు చెప్పలేదు? పక్కన పడుకునే మనిషిని. నాకొక్క మాట చెబితే మూడూ లాక్కుని అవతల పారేసేవాణ్ని కదా."

"చెబితే అరుస్తారని."

టైమెంతైందంటే చెప్పినట్టు చెప్పింది. నిష్ఠూరం లేదు, ఏడుపు లేదు. అమ్మ దుప్పటి అంచు సరిచేసింది. నేను సెలైన్ సీసాలో బొట్లు లెక్కపెడుతూ నిలబడ్డాను.

మర్నాడు ఫ్యాక్టరీ గేటు దగ్గర కోచ్‌ని చొక్కా పట్టుకుని నిలేశాను. ఇంటికి వెళ్లే జనమంతా ఆగిపోయేలా దులిపేశాను. చంపేసేవాడివి కదరా, నీకు విజిల్ ఎవడిచ్చాడురా అన్నాను. మనసుకి భలే హాయిగా ఉంది, నిజం చెప్పొద్దూ. వాడు తలొంచుకుని అంతా విన్నాడు. అయ్యాక మెల్లగా అన్నాడు.

"తప్పే సార్. కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను. కానీ మీ ఆవిడకి చెప్పాను, ఇంట్లో మందులు తెలిసినాయన ఉన్నారు కదా, ఒకసారి ఆయన్ని అడిగి తాగండి అని. ఆయన్ని అడగడం కంటే ఇంకో పది కిలోమీటర్లు పరిగెత్తడం తేలిక అన్నారు. నవ్వుతూనే అన్నారు సార్."

గేటు దగ్గర ఆడవాళ్లు కొందరు తల పక్కకి తిప్పుకున్నారు. వాళ్లందరికీ ఆ మాట ముందే తెలుసని అర్థమైంది. వాడి చొక్కా వదిలేశాను. వాడి తప్పు గోరంత కూడా తగ్గలేదు, ఇప్పటికీ వాడంటే నాకు మంటే. కానీ ఆ పూట ఇంటికి నడిచి వస్తుంటే తిట్టడానికి దారిలో ఎవరూ మిగల్లేదు.

మూడో రోజు అంకెలు దిగడం మొదలుపెట్టాయి. డయాలసిస్ తప్పింది. వారం తర్వాత ఇంటికి పంపారు. నొప్పి మాత్రల జోలికి పోవద్దు, నీళ్లు కొలిచి తాగాలి, ప్రతి నాలుగు రోజులకీ రక్తపరీక్ష. మోకాలి కింది పొడుగు ఎముక, మడమకి కాస్త పైన, నిజంగానే చిట్లింది. కర్ర సాయం లేకుండా అడుగు వెయ్యొద్దన్నారు. పందెం మాటే ఎత్తొద్దన్నారు. ఆవిడ "సరే" అంది. జట్టు ఇచ్చిన చొక్కా ఉతికి, మడతపెట్టి, అలమరలో అడుగున పెట్టేసింది. కూనిరాగం మళ్లీ వినిపించలేదు.

ఇంట్లో నేను అరవడం మానేశాను. ప్రతిజ్ఞ పట్టి కాదు, భయమేసి. కానీ పదిహేను రోజులు నోరు మూసుకున్నంత మాత్రాన ఎవరు నమ్ముతారు? నేను గదిలోకి రాగానే అత్తాకోడళ్ల మాటలు ఆగిపోయేవి. నేను బయటికి వెళ్లగానే మళ్లీ మొదలయ్యేవి. తలుపు అవతల నిలబడి వినేవాణ్ని. ఏముంటుంది, కరెంటు పోయిందనో, పాలు విరిగాయనో. అలాంటివి కూడా నా ముందు అనుకునేవాళ్లు కాదు.

పందెం రోజు పొద్దున్నే చిన్న వాన పడి వెలిసింది. "చూసొద్దాం" అంది మా ఆవిడ. కర్ర పట్టుకుని నెమ్మదిగా నడిచి పెద్ద రోడ్డు దాకా వెళ్లాం. ఇనుప కమ్మీల వెనక జనం పల్చగా ఉన్నారు. ముప్పయ్యో కిలోమీటరు గుర్తు మాకు ఎదురుగానే ఉంది. అక్కడికొచ్చేసరికి పరిగెత్తేవాళ్ల ముఖాల్లో ఇక నవ్వులుండవు. ఫ్యాక్టరీ వాళ్లు నలుగురు వెళ్లారు. "మేడం!" అని ఒకమ్మాయి చెయ్యూపింది. మా ఆవిడ చప్పట్లు కొట్టింది. కళ్లు తుడుచుకుంటుందేమో అని చూశాను. తుడుచుకోలేదు. ఆ అమ్మాయి మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉంది.

"ఏమండీ" అంది కాసేపటికి, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "నిన్న కర్ర లేకుండా మెట్లు దిగాను. మూడుసార్లు. కాలు మళ్లీ లాగుతోంది."

కర్ర లేకుండా! మూడుసార్లు! డాక్టరు చిలక్కి చెప్పినట్టు చెప్పినా! నా చెవుల్లోంచి పొగలొచ్చాయి. "నీకసలు" అన్న మాట పళ్ల దాకా వచ్చేసింది.

అప్పుడు చూశాను. మా ఆవిడ భుజాలు మెల్లగా పైకి లేచాయి. మెడ కొంచెం లోపలికి పోయింది. కమ్మీ మీద వేళ్లు బిగుసుకున్నాయి. ఇన్నేళ్ల కాపురంలో నేనెప్పుడూ ఆవిడ మీద చెయ్యెత్తలేదు. ఆ సంగతి గొప్పగా కూడా చెప్పుకునేవాణ్ని. కానీ అవి దెబ్బ పడబోతోందని తెలిసిన మనిషి భుజాలు. ఎన్నేళ్ల నుంచి అలా లేస్తున్నాయో నాకు తెలియదు. ముఖం చూసి జబ్బు చెప్పేస్తానని విర్రవీగేవాణ్ని, ఇది ఒక్కరోజు కూడా చూడలేదు.

కోపం పోలేదు. ఎక్కడికి పోతుంది? గొంతులోనే ఉంది. గుటక మింగాను.

"ఎక్కడ?" అన్నాను.

 ఆవిడ మిగతా తిట్లు కూడా రానీ అన్నట్టు ఆగింది. నేను ఇంకేమీ అనలేదు. ఇద్దరు మగవాళ్లు రొప్పుకుంటూ మా ముందునుంచి వెళ్లారు. ఒక ముసలాయన వెళ్లాడు. నీళ్లిచ్చేవాళ్లు ఖాళీ గ్లాసులు ఏరుకున్నారు. ఆ భుజాలు ఒకేసారి దిగలేదు, కొంచెం కొంచెంగా దిగాయి.

"ఇక్కడ" అంది చివరికి, వంగి మడమకి పైన వేలు పెట్టి చూపిస్తూ. "ఇంకోటి కూడా ఉంది. చెప్పనా?"

"చెప్పు."

ఆవిడ ముందు నా ముఖంలోకి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది.